తండ్రి ప్రేమయు, నిత్యశిక్షయు

చదువవలసిన వాక్యభాగములు: లూకా 15:11–32, మత్తయి 25:31–46, యిర్మీయా 7:30–34, రోమా 2:12–16

నంద్యాల నుండి సిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డకు పోవు దారిలోని గ్రామ సంఘములలో వాక్యపఠనము జరుగునప్పుడు, ఆ దినపు పాఠము ఏదైనను, తుదకు ఒక ప్రశ్న వచ్చుట కలదు. అడుగువారు సాధారణముగా వృద్ధులు. "అయ్యగారూ, మా జేజినాయన యేసయ్య పేరు ఇనకనే పాయె. ఆయప్ప ఇప్పుడు యాడున్నట్టు?" అందురు. కొందరు తమ బిడ్డను గూర్చి అడుగుదురు. వాడు బాప్తిస్మము పొందినవాడే. తరువాత త్రాగుడుకు లోబడెను, గుడికి రావడము మానెను, పంట పోయి అప్పులు మీదబడగా పురుగుల మందు త్రాగి చనిపోయెను. ఇది పండితుల కొరకైన ప్రశ్న కాదు. దీనికి మనమిచ్చు జవాబును బట్టి ఒక తల్లి ఆ రాత్రి కన్ను మూయునో మూయదో ఏర్పడును. అందుచేత ఈ నెల పాఠముగా దీనినే తీసికొంటిమి.

తొందరపడి చెప్పు జవాబులు రెండున్నవి. రక్షణ పొందకుండ చనిపోయినవాడు నిత్యాగ్నిలో నున్నాడు, దానికి తిరుగు లేదు అనునది మొదటిది. దేవుడు ప్రేమగలవాడు గనుక అందరును ఎట్లైనను చేరుదురు, చింతపడవద్దు అనునది రెండవది. మొదటిది చెప్పువాడు దేవుని న్యాయపీఠము మీద తానే కూర్చుండుచున్నాడు. రెండవది చెప్పువాడు ఆ పీఠమునే తీసివేయుచున్నాడు. ఈ రెంటిలో దేనిని పట్టుకొనకముందు, మనము ఎట్టి దేవుని గూర్చి మాటలాడుచున్నామో ముందుగా చూడవలెను.

లూకా 15వ అధ్యాయములోని కథ మనకు కంఠతా వచ్చును. అందుచేతనే దానిలోని పదును మనకు తగులుట లేదు. మన గ్రామములలో తండ్రి బ్రతికియుండగానే చిన్నకొడుకు వచ్చి, నా పాలు నాకు పంచియిమ్మని అడిగినయెడల ఊరిలో ఏమనుకొందురు? "నీవు ఎప్పుడు చత్తువా అని చూచుచున్నాను" అనినట్లే యగును. పెద్దమనుష్యులు కూర్చుండి వానికి గడ్డి పెట్టుదురు. ఈ తండ్రియైతే పంచియిచ్చెను. వాడు పోయెను, ఉన్నది ఊడ్చుకొనిపోయెను, కరువు వచ్చెను, పందులను మేపెను. తిరిగి పోదమని లేచినప్పుడు వాడు ఒక మాట సిద్ధము చేసికొనెను: కొడుకుగా కాదు, కూలివానిగా పెట్టుకొనుమని అడుగుదునని.

కూలివాడనగా ఎవరో మన సంఘములవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన తాతలలో అనేకులు మోతుబరుల యిండ్లలో ఏడాది జీతమునకు ఉన్నవారే. జీతగాడు పని చేసినంతకాలమే ఆ యింటివాడు. మంచాన పడినయెడల వానికి ఆ గడపలో చోటు లేదు. తినునది పశువులపాకలోనే గాని నడవలో కాదు. ఈ చిన్నవాడు అట్టి బ్రతుకును అడుగుటకు వచ్చుచున్నాడు. 19వ వచనమును 21వ వచనముతో పోల్చి చూడుడి. సిద్ధము చేసికొనిన మాటలో కడపటి భాగము, అనగా కూలివానిగా పెట్టుకొనుమను భాగము, తండ్రి యెదుట వాని నోట రానేలేదు. తండ్రి అప్పటికే వానిని కౌగిలించుకొని, వస్త్రము తెండని పనివారికి చెప్పుచున్నాడు. కొడుకుతనమును జీతముగా మార్చుకొనుటకు ఆయన ఒప్పలేదు. వాడు ఇంకను దూరముగా నున్నప్పుడే, వాని నోట ఒక్క మాటయు రాకముందే, ముసలితండ్రి పరుగెత్తెను. గౌరవముగల పెద్దమనిషి పంచె ఎగగట్టుకొని వీధిలో పరుగెత్తుట ఏ ఊరిలోనైనను నగుబాటే. ఆ నగుబాటును తండ్రి తన మీద వేసికొనెను.

షరతు లేని ప్రేమయని మనము చెప్పునది ఇదియే. వాడు మారినందున తండ్రి ప్రేమింపలేదు. ప్రేమించు తండ్రి యున్నందుననే వానికి తిరిగి వచ్చు ఇల్లు నిలిచియున్నది. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మన కొరకు చనిపోయెనని పౌలు రోమా 5వ అధ్యాయములో చెప్పునదియు ఇదియే. హోషేయ 11వ అధ్యాయములో దేవుడు తన జనమును విడిచిపెట్టుటకు చేతులు రాక, తన హృదయమే తనలో తిరుగబడినట్లు మాటలాడుచున్నాడు.

అట్లయితే నరకము మాటయేమి?

ముందుగా ఆ పదమును చూతము. తెలుగు బైబిలులో గెహెన్నా అను పేరునకు 'నరకము' అను మాట వాడిరి. ఇది మన దేశములో అంతకుముందే ఎక్కువగా వాడుకలో నుండిన మాట. భాగవతములో 28 నరకములు చెప్పబడియున్నవి. అయితే పురాణముల నరకము, ఎంత భయంకరమైనను, అంతము గలది: కర్మఫలము అనుభవించిన జీవుడు మరల పుట్టును. కొడుకు లేనివాడు పున్నామ నరకములో పడుననియు, కొడుకు పెట్టు పిండము వానిని తప్పించుననియు చెప్పుదురు. మన పితరులు సువార్తను వినినప్పుడు ఈ భావములన్నియు వారి చెవులలో నున్నవి. వారు క్రైస్తవులై పెద్దలకు పెట్టుట మానిరి. అటు పిమ్మట ప్రసంగీకుడు లేచి, మీ పెద్దలున్నది అంతము లేని నరకమని చెప్పెను. పాత మార్గములోనైతే కొడుకు తండ్రి కొరకు ఏదో ఒకటి చేయగలడు. క్రొత్త మార్గములో వాని చేతులు కట్టివేయబడెను. అడుగుచున్న ఆ వృద్ధుల గొంతులో వణకు ఎందుకో ఇప్పుడు తెలియుచున్నది గదా.

గెహెన్నా అనగా యెరూషలేము ప్రక్కనున్న బెన్ హిన్నోము లోయ. అది ఊరి చెత్త కాల్చు దిబ్బయని అనేక ప్రసంగములలో వినుచున్నాము గాని బైబిలులో ఆ సంగతి ఎక్కడను లేదు. అది శతాబ్దముల తరువాత వ్యాఖ్యానకర్తలు వ్రాసిన మాట. బైబిలు చెప్పునది అంతకంటె ఘోరమైనది. ఆహాజు, మనష్షే అను రాజులు ఆ లోయలో తమ కుమారులను అగ్నిలో దహించిరి (2 దినవృత్తాంతములు 28:3, 33:6). తండ్రులు బిడ్డలను కాల్చిన చోటు గనుక అది శాపగ్రస్తమాయెను. ఆ క్రియను గూర్చి దేవుడు యిర్మీయా ద్వారా ఏమి చెప్పెనో 7:31లోను 19:5లోను చూడుడి: తాను అట్టిది ఆజ్ఞాపింపలేదనియు, అది తన మనస్సునకే తోచలేదనియు ఆయన చెప్పెను. తండ్రి తన బిడ్డను మంటలో వేయుట దేవుని తలంపులోనికి రాని సంగతి. నరకమునకు ఆ పేరు వచ్చినది ఈ సంగతి నుండియే. నరకమును గూర్చి బోధించు ప్రతివాడు ఈ వచనమును ప్రక్కన పెట్టుకొని బోధింపవలెనని మా మనవి.

అయినను యేసు ప్రభువే ఆ మాటను వాడెను. మృదువైన వేరొక ప్రభువును మనము కల్పించుకొనలేము. మత్తయి 25వ అధ్యాయపు తుదిలో నిత్యశిక్షయను మాట ఆయన నోటనే యున్నది. ఆ శిక్షకు పోవువారెవరో చూడుడి. వారు అన్యదేవతలను మ్రొక్కిరనిగాని బాప్తిస్మము పొందలేదనిగాని అక్కడ చెప్పబడలేదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టలేదు, దప్పిగొన్నవానికి నీళ్లియ్యలేదు, చెరసాలలో నున్నవానిని చూడబోలేదు. వారి నేరమంతయు ఇంతే.

ఈ మాట మన సీమకు క్రొత్త కాదు. 1876–78 సంవత్సరముల కరువును మన పెద్దలు ధాత కరువు అని పిలిచిరి. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య ఇంచుమించు నాలుగవ వంతు తగ్గెను. ఆళ్లగడ్డకు సమీపముననున్న ముత్యాలపాడులోను పరిసరములలోను అప్పటికే ఎస్.పి.జి. మిషను సంఘములుండెను. కరువు పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్ది చిల్లరయు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభములో నిర్ణయించెను. కష్టపడి పని చేయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించెను. ఆ యేండ్లలోనే మన దేశపు ధాన్యము ఓడలలో ఇంగ్లాండునకు పోవుచుండెను. ఆకలితో బిడ్డను పూడ్చిన తల్లి యెదుట నిలిచి, తీర్పు అనునది లేదు, అందరికిని ఒక్కటే గతియని చెప్పగలవారెవరు? మన రాష్ట్రములోనే, 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులు చంపబడిరి. 2007లో ప్రత్యేక న్యాయస్థానము అనేకులకు శిక్ష విధించెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. మనుష్యుల కోర్టులు ముగించిన చోట దేవుని న్యాయపీఠము ఇంకను ఉన్నదనుట పేదవానికి భయము కాదు, ఆశ. తీర్పును తీసివేసినవాడు తండ్రి ప్రేమను పెద్దది చేయుట లేదు. కొట్టబడిన బిడ్డ మొర వినని తండ్రి తండ్రియే కాడు.

కాబట్టి తీర్పు కలదు. ఇక శిక్ష ఎంతకాలము, ఏ విధముగా నుండును అను చోట, వ్రాయబడినదానికంటె ఎక్కువ చెప్పకుండుట మంచిది. 'నిత్య' అని తర్జుమా చేయబడిన గ్రీకు మాట 'ఐయోనియోస్'. దానికి యుగమునకు సంబంధించినది అను భావమును కలదు. రోమా 16:25లో గడచిపోయిన కాలములను గూర్చియు ఆ మాటయే వాడబడెను. యూదా పత్రిక సొదొమ నిత్యాగ్ని శిక్షను పొందెనని చెప్పుచున్నది. యెహెజ్కేలు 16:53–55లోనైతే సొదొమ తన పూర్వస్థితికి తేబడునని దేవుడు చెప్పుచున్నాడు. మరియొకప్రక్క, మత్తయి 25:46లో నిత్యజీవమునకును నిత్యశిక్షకును ఒకే మాట యున్నది గనుక, ఒకటి అంతము లేనిదైతే రెండవదియు అంతము లేనిదేయని అగస్టీను వాదించెను. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు.

సంఘ చరిత్రలో ఈ విషయమై భక్తులందరు ఒకే మాట మీద లేరు. నుస్సా పట్టణపు గ్రెగొరీ, కడకు దేవుడు సమస్తమును బాగుచేయునని నిరీక్షించెను. ఒరిగెను పేరట చెలామణియైన ఇట్టి బోధ 6వ శతాబ్దములో ఖండింపబడెను. మన సీమకు సువార్త తెచ్చిన ఆంగ్లికను సంఘములోను ఈ చర్చ జరిగెను. 1553 నాటి 42 అధికరణములలో కడపటిది, అందరును తుదకు రక్షింపబడుదురను బోధను నిషేధించెను. తరువాత వచ్చిన 39 అధికరణములలో అది లేదు. నిత్యశిక్షను గూర్చి భిన్నముగా వ్రాసినందుకు ఎఫ్. డి. మారిస్ 1853లో లండను కింగ్స్ కళాశాలలో తన పదవిని పోగొట్టుకొనెను. మన వారు ధాత కరువులో అలమటించుచున్న 1877 చివరి నెలలలోనే, బొంబాయిలో పుట్టిన ఫ్యారర్ అను బోధకుడు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఇదే విషయమై ప్రసంగించి, మరణముతో దేవుని కనికరము ఆగిపోవునని మనము రూఢిగా చెప్పలేమనెను. ప్యూసీ పండితుడు 1880లో ఒక గ్రంథముతో ఆయనకు బదులిచ్చెను. మన కాలమునకు సమీపముగా, 1988లో, సువార్తికులలో మిక్కిలి గౌరవింపబడిన జాన్ స్టాట్, దుష్టులు అంతము లేని బాధ పొందుట గాక తుదకు నశించిపోవుదురను అభిప్రాయమును వెలిబుచ్చెను. అతనాసియస్ పేరిటి ప్రమాణము దుష్టులకు నిత్యాగ్నియని చెప్పుచున్నది. మనము ఆదివారమున ఒప్పుకొను అపొస్తలుల ప్రమాణమును నైసీయ ప్రమాణమును క్రీస్తు సజీవులకును మృతులకును తీర్పు తీర్చ వచ్చునని చెప్పి అక్కడ ఆగుచున్నవి. ఆ ఆగుటలో జ్ఞానము కలదని మాకు తోచుచున్నది.

ఇప్పుడు జేజినాయన సంగతికి వత్తము. సువార్త విననివాడు విన్నవానితో సమానముగా లెక్క చెప్పవలసినవాడు కాడు. యజమాని చిత్తము తెలియనివానికి దెబ్బలు కొద్దియేయని ప్రభువు లూకా 12:48లో చెప్పెను. ధర్మశాస్త్రము లేనివారి హృదయములలో దాని సారము వ్రాయబడియున్నదని పౌలు రోమా 2వ అధ్యాయములో చెప్పుచున్నాడు. క్రీస్తు చెరలోనున్న ఆత్మలకు ప్రకటించెననియు, మృతులకు సహితము సువార్త ప్రకటింపబడెననియు పేతురు మొదటి పత్రిక 3, 4 అధ్యాయములలో నున్నది. ఈ వచనముల అర్థమును గూర్చి పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు గాని, మృతుల లోకము క్రీస్తు అడుగుపెట్టని చోటు కాదని అపొస్తలుల ప్రమాణములో మనమే ఒప్పుకొనుచున్నాము. కాబట్టి ఆ వృద్ధురాలికి ఇట్లు చెప్పవచ్చును: "అవ్వా, మీ జేజినాయన ఎవరి చేతిలో నున్నాడో మాకు తెలియును. పరుగెత్తుకొని వచ్చిన ఆ తండ్రి చేతిలోనే యున్నాడు. ఆయన అన్యాయము చేయడు. నీకంటె ఆయనకు మీ జేజినాయన మీద ప్రేమ ఎక్కువ." ఇంతకు మించి చెప్పుటకు మనకు అధికారము లేదు, ఇంతకు తగ్గించి చెప్పుటకును లేదు.

పురుగుల మందు త్రాగిన కుమారుని తల్లికి మరియొక మాట అవసరము. ఆమె బిడ్డ చేసినది మంచిదని మనము చెప్పము. అయితే ఆ కడపటి గడియలో వాని మనస్సులో ఏమి జరిగెనో వాని తల్లికిని తెలియదు, పాస్టరుకును తెలియదు. అట్టివానికి ప్రార్థన లేకుండ, గంట లేకుండ పూడ్చవలెనని పట్టుపట్టుట లూకా 15లోని తండ్రికి పుట్టిన బుద్ధి కాదు. సంఘపెద్దలు దీనిని ఆలోచింపవలెను. వాని తల్లి ఒంటరిగా సమాధి యొద్దకు నడువకూడదు.

భయపెట్టి బోధించుటను గూర్చియు ఒక మాట. పిల్లల కూటములలో నరకపు మంటల బొమ్మలు చూపి చేతులెత్తించుట కొన్ని చోట్ల జరుగుచున్నది. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొరగారు కరువు కాలములో కాలువ పని చేయించి వేలమందికి కూలి యిప్పించెను; అయితే కూలి కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ పని సాగినంతకాలము బాప్తిస్మములిచ్చుట నిలిపివేసెను. తరువాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి చేత లోపలికి తరుమబడినవారు ఆయనకు అక్కరలేదు. భయము చేత తరుమబడిన పిల్లలు మనకెందుకు? అట్లు వచ్చినవాడు కొడుకుగా రాడు. జీతగాడుగానే వచ్చును, జీతగాడుగానే జీవించును, భయము తీరిన దినమున వెళ్లిపోవును.

తండ్రి దండింపడని దీని భావము కాదు. హెబ్రీ 12వ అధ్యాయము దండనను కొడుకుతనమునకు గురుతుగా చెప్పుచున్నది. ఆళ్లగడ్డ శిల్పుల పనిపాకల యొద్ద నిలిచి చూచినవారికి తెలియును, ఉలి దెబ్బ ప్రతిదియు రాతిలో రూపము కాని భాగమును తీసివేయుటకే పడును. అయితే ఈ పోలిక కొంతదూరమే వచ్చును. రాయి వద్దనలేదు, మనుష్యుడు వద్దనగలడు. నిత్యశిక్షను గూర్చిన హెచ్చరిక యొక్క బరువంతయు ఇక్కడనే యున్నదని మా తలంపు. ప్రేమను ఎన్నడును వద్దనువానిని ఏమి చేయవలెను?

దీనికి లూకా 15లోని పెద్దకుమారుని చూడుడి. సాధారణముగా మన ప్రసంగములు తమ్ముడు ఇల్లు చేరుటతో ముగియును. అన్న పొలమునుండి వచ్చి, వాద్యముల ధ్వని విని, లోపలికి పోనొల్లక వెలుపల నిలిచెను. తలుపు తెరిచియే యున్నది. వాడు తండ్రితో మాటలాడునప్పుడు, నా తమ్ముడు అనలేదు, నీ కుమారుడు అనెను. ఇన్ని యేండ్లు దాసునివలె సేవించితినని చెప్పెను. అనగా ఇల్లు విడువకుండనే వాడును జీతగాడైయుండెను. మన నంద్యాల సీమకును ఈ వెలుపల నిలుచుట తెలియును. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికనులలో అనేకులు అందులో చేరలేదు. వారి కారణములు వారికుండెను. అన్నియు చెడ్డవి కావు. అయినను ఏండ్ల తరబడి ఒకే ప్రభువు బిడ్డలు వేరు వేరు బల్లల యొద్ద కూర్చుండిరి, తరువాతనే నంద్యాల మండలము ఆ సంఘములో చేరెను.

తండ్రి చిన్నవాని కొరకు వీధిలోనికి పోయినట్లే పెద్దవాని కొరకును విందు విడిచి బయటికి వచ్చెను. ఆజ్ఞాపింపలేదు, బ్రతిమాలుకొనెను. నావన్నియు నీవియే యనెను. నీ తమ్ముడు అని ఆ మాటను సరిదిద్దెను. పెద్దవాడు లోపలికి పోయెనా? ప్రభువు చెప్పలేదు. ఆయన ఆ కథను పరిసయ్యులకును శాస్త్రులకును చెప్పుచుండెను, వారు ఇంకను వెలుపలనే నిలిచియుండిరి. కథ ఆగిన చోట తండ్రి వాని ప్రక్కనే, వాకిటిలో, చీకటిలో నున్నాడు.